అక్కమ్మ ఇంటి డొల్ల పలకలు

పెనుకొండ మున్వర్ ఏ కొత్త గోడ పక్కన నిలబడినా వేలి కణుపుతో ఒకసారి కొట్టి చూసేవాడు. గారపని మేస్త్రీ అయిన నాయన నేర్పిన అలవాటది. గానుగ సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి పూసిన గార ఆరాక రాయిలా పలకాలి. డొల్లగా పలికితే అంతమేర కొట్టేసి మళ్లీ పూయాలి. సాయంత్రం నాయన గోడ పొడవునా కొట్టుకుంటూ వస్తుంటే మున్వర్ ఊపిరి బిగబట్టి వెనకే నడిచేవాడు.

సున్నం గానుగలు పోయాయి. సిమెంటు పూతలో కొన్నేళ్లు గడిచాయి. మోకాళ్లు సారవ కర్రలు ఎక్కనివ్వని వయసులో హిందూపురం శివారు షెడ్డులో చేరాడు. సిమెంటు, సన్న ఇసుక, గాజు నార కలిపి అచ్చుల్లోకి చిమ్మితే బొటనవేలి మందం లేని పలకలు తయారవుతాయి. ఇద్దరు మనుషులు ఎత్తేస్తారు. ఇంటి ముఖానికి ఇనుప చట్రం కట్టి బిగిస్తారు. పట్టుచీర అంచులా హంసల వరస ఉన్న అచ్చు మాత్రం మున్వర్ సొంతంగా చెక్కింది. మిగతావన్నీ కంప్యూటర్ బొమ్మలే.

ఆ హంసలు మొదటిసారి ధర్మవరంలో చీరల వ్యాపారి జగదీష్ ఇంటికి ఎక్కాయి. పని పూర్తయ్యాక జగదీష్ తల్లి అక్కమ్మ వచ్చి గేటు పక్క పలకను కొట్టి చూసింది.

"ఏమప్పా మేస్త్రీ, డొల్ల కొడతాండాది!"

ఇన్నేళ్లూ ఇతరుల పని మీద మున్వర్ వేసిన మాట అది. ఆమె వద్దంటే పలకలన్నీ షెడ్డు వెనక గుంతలోకి పోతాయి. ఆ అచ్చును మళ్లీ ఎవరూ ముట్టరు.

"వెనక గాలికి సందు ఇడిసినామమ్మా. ఎండ గోడకు తగలదు. మద్దెల డొల్ల కాదా? ఎవురన్నా తప్పు పడతారా?"

"మద్దెలను వాయిస్తారు. ఇంటిని వాయిస్తారా?"

జగదీష్‌కు నవ్వు ఆగలేదు. "అమ్మా, బెంగళూరులో అన్నీ ఇట్లే ఉండాయి."

"ఆడ పక్కింటోల్లు గోడ కొట్టి చూడరు. ఈడ సమ్మందం మాట్లాడేకి వచ్చినోల్లు గూడా కొడతారు."

ఆమె తలెత్తి హంసలను చాలాసేపు చూసింది.

"పిట్టలు బాగుండాయిలే. చెయ్యి అందేంత వరకు తీసేసి, గట్టిగా పూత పెట్టు. పైనవి ఉండనీ."

మున్వర్ మళ్లీ తాపీ పట్టాడు. బెల్లం వాసన లేని సిమెంటే అయినా మణికట్టుకు పాత తిప్పుడు గుర్తుంది. మధ్యాహ్నానికి భుజం లాగేసింది. కూలివాళ్లు అడిగినా తాపీ ఇవ్వలేదు.

దింపిన పలకలను జగదీష్‌ను అడిగి తీసుకుని, ఆటోలో పెనుకొండకు తెచ్చి సొంతింటి ముందు బిగించాడు. భార్య ఖాదర్‌బీ గడపలో నిలబడి చూసింది.

"ఊరోళ్ల ఇండ్లకు చీరలు కట్టి, మనింటికి తుండుగుడ్డ తెచ్చినావా?"

"వద్దంటే తీసేస్తా."

"తీసేయమని ఎవురు చెప్పినారు?" అంటూ ఆమె పాతగుడ్డ తడిపి, హంసల మెడల్లో పేరుకున్న దుమ్ము తుడవసాగింది.