జీపు గుడారానికి పసుపు ఎవరు పెట్టారు?

ముందే చెప్తున్నాను, నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. విజయనగరంలో ఒక హైస్కూల్లో సైన్సు చెప్తాను. మా బళ్ళో ఏ పిల్లకైనా జ్వరం తగ్గకపోతే ఎవరో చిల్లంగి, అదే చేతబడి, పెట్టారని ఇంట్లో అనుకుంటారు. ఆ తల్లుల్ని కూర్చోబెట్టి దోమల గురించి, రక్తపరీక్ష గురించి చెప్పేది నేనే. ఇప్పటికీ చెప్తున్నాను. కాబట్టి ఇది చదివి మేడంగారు కూడా మారిపోయారు అనుకోకండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మా ఆయనకు గేట్లు, గ్రిల్స్ చేసే షాపు ఉంది. ఆయనకు ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కూడా ఉంది. దాన్ని చూసుకున్నంత శ్రద్ధగా నన్ను చూసుకోలేదని నేను ఎప్పుడూ దెప్పుతుంటాను. ఆ జీపుకి లేచే టాపు పెట్టాలన్న ఆలోచన మాత్రం సరదాకి పుట్టింది కాదు. మా అత్తగారి కోసం పుట్టింది.

ఆవిడకు ఆయాసం. పడుకుంటే ఊపిరి అందేది కాదు. మంచం మీద వెనక దిండ్లు పేర్చుకుని, కూర్చునే నిద్రపోయేది. గదిలో కంటే డాబా మీద నయంగా ఉండేది ఆవిడకు. అక్కడి నుంచి ఎస్.కోట వైపు కొండలు నీలంగా కనిపిస్తాయి. వాటి కింద గాలి ఎలా ఉంటుందో ఒక్క రోజు చూడాలని ఆవిడ కోరిక. లాడ్జీలో గది తీసుకుందామంటే, మళ్ళీ గదే కదా అని మొహం తిప్పుకుంది.

అందుకని మా ఆయన జీపు కప్పు కోసేసి, పెట్టె మూతలా తెరుచుకునే టాపు గీశాడు. ముందు వైపు బందులు. వెనక వైపు పైకి లేస్తుంది. కార్ల డిక్కీ తలుపుని నిలబెట్టే గ్యాస్ రాడ్లు ఉంటాయి కదా, అవే దీన్నీ నిలబెడతాయి. లేచిన మేరకు చుట్టూ గుడ్డ. ప్రయాణంలో గుడ్డ లోపలికి మడతపడి, మూత దిగి, తాళం పడుతుంది. లోపల సీట్లు మడిచేస్తే ప్లైవుడ్ బల్ల. బజార్లో దొరికే టాపులన్నీ పడుకునేవాళ్ళ కోసం చేసినవి. మాకు కావలసింది కూర్చుని నిద్రపోయే మనిషికి.

పెరట్లో అదే బల్ల మీద ఆవిడను కూర్చోబెట్టి టేపుతో కొలిచాడు. నెత్తి దాకా కొలిచి ఆపేస్తుంటే ఆవిడ ఊరుకోలేదు.

"కొప్పుతో కలిపి కొలవరా. కొప్పేటి, నాది కాదేటి?"

కొప్పుతో కలిపే కొలిచాడు. పైన ఇంకో జానెడు వదిలాడు. ఆ లెక్కన వెనక వైపు టాపు చాలా ఎత్తు వచ్చింది. చూసినవాళ్ళంతా ఇదేం జీపు, పెళ్ళిపందిరిలా ఉందని నవ్వారు.

గుడ్డ విషయంలోనూ ఆవిడ మాటే నెగ్గింది. మా ఆయన ప్లాస్టిక్ బరకం తెస్తే, దాని కింద ఊపిరాడదని, నూలు గుడ్డే వెయ్యమని పట్టుబట్టింది. పుట్టిల్లు పొందూరు. చిన్నప్పుడు రాట్నం తిప్పిన చెయ్యి. షాపువాడు తెచ్చిన తానులన్నీ వేళ్ళ మధ్య నలిపి చూసి, నీళ్ళు దిగనంత చిక్కటి నేతతో మందపాటి తెల్లటి నూలు గుడ్డ ఒకటి ఏరింది.

ఇక్కడ ఆవిడ అలవాటు ఒకటి చెప్పాలి. కొత్త బట్ట కట్టే ముందు అంచుకి పసుపు పెట్టడం అందరిళ్ళలోనూ ఉన్నదే. మామగారు పోయిన దగ్గర్నుంచి మా అత్తగారు పసుపు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే చుట్టాలు ఏమంటారో ఆవిడకు తెలుసు. అయినా నా కొత్త చీరలకు, ఆయన చొక్కాలకు, ఆఖరికి నేను కొన్న గొడుక్కి కూడా దొంగతనంగా పసుపు పెట్టేది. ఎప్పుడూ లోపలి వైపే, ఎవరికీ కనపడని చోట. అందరూ ఒక మూల పెడితే ఆవిడ రెండు మూలలా పెట్టేది, ఒకటి నాకు, ఒకటి ఆయనకు అని. బొటనవేలితో అద్దేది. ఆ వేలికి అడ్డంగా ఎప్పుడో కత్తిపీట కోసిన గాటు ఉండేది. అందుకని మచ్చ మధ్యలో సన్నటి తెల్ల గీత పడేది. ఆవిడ పెడుతోందని నాకు తెలుసు, నాకు తెలుసని ఆవిడకు తెలుసు. ఇద్దరం ఆ ఊసు ఎత్తేవాళ్ళం కాదు.

టాపు పని నానింది. ఆయన ఏ ఇనుప పనైనా ఒక పట్టాన ఒప్పుకోడు. మూత బరువెక్కువైందని విప్పేవాడు, రాడ్డు చాలలేదని మార్చేవాడు. ఆవిడ అడిగినప్పుడల్లా పై ఆదివారం వెళ్దామమ్మా అనేవాడు. వర్షాకాలంలో ఆవిడకు ఆయాసం ఎక్కువైంది. ఆసుపత్రిలో కూడా ఒకసారి, మాస్కు పక్కకి తీసి, జీపు ఎంతవరకు వచ్చిందని అడిగింది. పై ఆదివారం అన్నాడు. ఆ ఆదివారం రాకుండానే పోయింది.

కర్మకాండలన్నీ అయ్యాక మా ఆయన జీపు మీద గోనెపట్టా కప్పేశాడు. ఏడవలేదు. ఎవరితోనూ తల్లి మాట ఎత్తలేదు. షాపుకి వెళ్ళేవాడు, వచ్చేవాడు, పెట్టింది తినేవాడు. రాత్రిళ్ళు నిద్ర లేదు. కళ్ళు లోపలికి పోయాయి. తెలిసిన డాక్టరుగారు కొంత కాలం పడుతుందిలెండి అన్నారు. నాకు మాత్రం రోజురోజుకీ భయం పెరిగింది. ఒకే ఇంట్లో ఉంటూ మనిషి చేజారిపోతున్నాడని తెలుస్తుంటే ఎలా ఉంటుందో చెప్పలేను.

టాపు పూర్తయితే ఈయన మళ్ళీ మనిషవుతాడని నాకెందుకో అనిపించింది. ఆయనతో చెప్పకుండా ఆ తెల్ల గుడ్డ తీసి, పాత కొలతల ప్రకారమే కత్తిరించి, నా మిషన్ మీద కుట్టేశాను. నేను పసుపు పెట్టలేదు. నాకా పట్టింపులు లేవు. కుట్టిన గుడ్డ షాపుకి తీసుకెళ్ళి ఆయన ముందు పడేశాను.

కోపమొచ్చింది. కనీసం కోపమైనా వచ్చిందని నేను లోలోపల సంతోషించాను. ఎత్తు తగ్గిస్తానన్నాడు. "ఇప్పుడంత ఎత్తెందుకే? ఎవులు కూసుంటారు?" అన్నాడు. గాలికి ఊగుతుందనీ అన్నాడు. గుడ్డ కత్తిరించేశాను, ఇప్పుడు మార్చేది లేదని నేను మొండికేశాను. చివరికి పాత ఎత్తులోనే బిగించాడు. ఒక్కసారి తీసుకెళ్ళి, ఆ తర్వాత అమ్మేస్తానని మాత్రం ఖరాఖండిగా చెప్పాడు.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి. ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం షాపులో టాపు లేపి, నీళ్ళ పైపుతో అన్ని వైపుల నుంచి కొట్టి చూశాం. నేను లోపల టార్చి పట్టుకుని కూర్చుని ప్రతి కుట్టూ చూశాను, ప్రతి మూలా తడిమాను. ఒక్క చుక్క దిగలేదు. గుడ్డ తెల్లగా ఉంది. పైన తడి ఆరాక ఆయన మూత దించి తాళం వేశాడు. జీపు షట్టర్ లోపల ఉంది. రెండు తాళంచెవులూ ఆయన జేబులోనే ఉన్నాయి.

పొద్దున్నే బయల్దేరాం. ఎస్.కోటలో టీ తాగినప్పుడు కూడా జీపు పక్కనే నిలబడ్డాం. కొండల కింద ఆయన స్నేహితుడి జీడితోట ఉంది, ముందే అడిగి పెట్టుకున్నాం. శీతాకాలపు ఎండ హాయిగా ఉంది. చుట్టూ ఎవరూ లేరు.

ఆయన బయటి నుంచి తాళం, గొళ్ళెం తీశాడు. టాపు మెత్తగా లేచింది. ఒక్క కిర్రు కూడా లేదు. ఇంకొకరైతే గంతులేసేవారు. ఈయన లోపలికి తొంగి కూడా చూడకుండా వెళ్ళి, జీపుకి వీపు పెట్టి ఒక రాయి మీద కూర్చున్నాడు. చపాతీలు, వంకాయ కూర తెచ్చాను. పులిహోర తేలేదు. ఈ సంగతి చెప్పిన ప్రతివారూ అదే అడిగారు కనక రాస్తున్నాను. ఇంటి దగ్గర్నుంచి పసుపు డబ్బా తేలేదు.

తిన్నాక కాస్త నడుం వాలుద్దామని లోపలికెక్కాను. వెనక వైపు పై మూలలు రెండూ కళ్ళ ముందే ఉన్నాయి. రెండిటికీ పసుపు ఉంది.

లోపలి వైపు, కుట్టు పక్కన. పొడిగా, నిండు పసుపు రంగులో. బల్ల మీద దిండుకి ఆనుకుని కూర్చున్న మనిషి చెయ్యెత్తితే అందే చోట.

నాకు భయం వెయ్యలేదు, ఒళ్ళు మండింది. ఈయనే పెట్టాడనుకున్నాను. ఇన్నాళ్ళు నోరు విప్పకుండా నన్ను కాల్చుకు తిని, ఇలా చాటుగా పసుపు పెట్టుకుంటాడా అని పిలిచాను. వచ్చాడు. చూశాడు. నేనే పెట్టాననుకుని నా వైపు తిరిగాడు.

"ఏటే ఇది? నన్నేడిపించడానికేటి?"

నేను కాదన్నాను. తను కాదన్నాడు. తల్లి మీద ఒట్టేశాడు. ఆ ఒట్టు ఉత్తినే వేసే మనిషి కాదు.

లోపలికొచ్చి బల్ల మీద కూర్చున్నాడు, సరిగ్గా ఆవిడను కూర్చోబెట్టి కొలిచిన చోట. ఒక మచ్చ పక్కన తన బొటనవేలు ఆనించాడు. మచ్చ ఆయన వేలి కంటే చిన్నది. మధ్యలో అడ్డంగా సన్నటి తెల్ల గీత ఉంది. రెండో మూలా అంతే. వాసన చూశాడు. నేనూ చూశాను. పసుపే.

 ఆ తర్వాత, నాతో కాదు, ఆ మూలతోనే చెప్పినట్టు మెల్లిగా అన్నాడు.

"పై ఆదివారం, పై ఆదివారం అన్నాను. నేను తేలేదని తనే వచ్చీసింది."

అప్పుడు ఏడ్చాడు. ఆవిడ పోయిన రోజు ఏడవాల్సిన ఏడుపు అది. నేను పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసి ఉంచాను. నాకూ ఆగలేదు. ఏడ్చి ఏడ్చి అక్కడే దిండ్లకు ఆనుకుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. సాయంత్రం దాకా లేవలేదు. లేచి, ఆకలేస్తోంది, ఇంకా ఏమైనా ఉందా అని అడిగాడు. ఆ మాట విని నాకు ప్రాణం లేచొచ్చింది.

జీపు అమ్మలేదు. ఆయన ఇప్పుడు తల్లి గురించి మాట్లాడతాడు, నవ్వుతాడు, మళ్ళీ నాతో పోట్లాడతాడు.

నా వైపు నుంచి చెయ్యాల్సినవన్నీ చేశాను. ఫోన్‌లో ఫొటో తీశాను. పసుపు మచ్చ కనిపిస్తోంది గానీ గీత స్పష్టంగా రాలేదు. ఆయనే పెట్టి నాతో అబద్ధమాడి ఉండొచ్చని చాలాకాలం అనుకున్నాను. అలా అయినా నాకు కోపం లేదు. కానీ ఆ చిన్న వేలిముద్ర, ఆ గీత ఎక్కడి నుంచి తెచ్చాడు? నన్ను ఇప్పటికీ ఆయన అనుమానిస్తున్నాడేమో నాకు తెలీదు. గుడ్డ కొన్న రోజే ఆవిడ పెట్టేసిందేమో అని కూడా ఆలోచించాను. కానీ నేను గుడ్డ కత్తిరించింది ఆ తాను మధ్యలోంచి, అంచుల్లోంచి కాదు. పైగా ఆ మూలలు నేను టార్చి వేసి చూసినవి.

పసుపు ఎండకు నిలవదు. కొన్ని ప్రయాణాలకే ఆ మచ్చలు లేతబడి, చివరికి పోయాయి. ఈ మధ్య ఆ గుడ్డ చిరిగితే కొత్తది కుట్టాను. సైన్సు చెప్పే మనిషిని, ఈసారి నేనే పసుపు కలిపి ఒక మూల అద్దాను. బయటి వైపు, అందరికీ కనపడేలా. ఆవిడ ఇంక చాటుగా పెట్టాల్సిన పని లేదని నాకనిపించింది.

రెండో మూలకు పసుపు పెట్టబోయాడు మా ఆయన. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఎందుకని ఆయన అడగలేదు.

అది ఇంకా తెల్లగానే ఉంది. టాపు లేపిన ప్రతిసారీ ముందు అటే చూస్తాను.