జీపును ఆపిన ముగ్గు

మా వీధికి చేపలు తెచ్చే నాంచారమ్మ కొన్ని వారాలుగా రాకపోతే, ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. ఫోన్ చేస్తే అసలు సంగతి తెలిసింది. అడవులదీవి దగ్గర వాళ్ల తీరానికి నల్లటి చమురు ముద్దలు కొట్టుకొస్తున్నాయి. వలలన్నీ జిగురు, చేపలన్నీ కిరసనాయిలు వాసన. "తెనాలి దాకా మోసుకొచ్చినా ఎవరు కొంటారు టీచరమ్మా? ఇట్టాగే ఉంటే వేటపాలెం జీడిపప్పు పనికి పోవాల్సిందే" అంది. సముద్రంలో చమురు తవ్వే కంపెనీ పనేనని ఊరంతా అంటోంది, మాది కాదని కంపెనీ అంటోంది. ఎవరిదో తేలాలంటే కాలుష్యం చూసే ఆఫీసరు వచ్చి, ఆ ముద్దల్ని సీసాలో పట్టి పరీక్షకు పంపాలి. ఆయన ఒకసారి వచ్చారట. జీపు దిగకుండా అద్దంలోంచి చూసి, ఏమీ లేదని రాసుకుని వెళ్లారట. నాకు ఒళ్లు మండింది. శనివారం మళ్లీ వస్తున్నారని తెలిసి, నేనూ వస్తానన్నాను. పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పే టీచర్ని, నాకు చేతనైంది ముగ్గే. అందరం కలిసి ఆయన దారికి అడ్డంగా పెద్ద ముగ్గు వేద్దామని ఫోన్‌లోనే ఇద్దరం అనుకున్నాం.

మీరూ అటు వెళ్లాలనుకుంటే తెనాలిలో పొద్దున్నే రేపల్లె పాసింజరు ఎక్కండి. గంట పైచిలుకు పడుతుంది, టికెట్టు ఒక టిఫిన్ ఖర్చు కూడా ఉండదు. రేపల్లె బస్టాండు దగ్గర వేడి ఇడ్లీ తిని, నిజాంపట్నం వైపు వెళ్లే బస్సెక్కి, అడవులదీవి దగ్గర ఆటో మాట్లాడుకున్నాను. తీరం దాకా రెండొందలు అడిగాడు, బేరమాడితే నూటయాభైకి ఒప్పుకున్నాడు. నా సంచిలో రంగుల పొట్లాలు చూసి నవ్వాడు.

"పండగేంటక్కా?"

"ఆఫీసరు వస్తున్నారుగా. ఆయన కోసం ముగ్గు."

"ఆయన జీపు దిగరక్కా. పోయినసారి చూశాగా."

"ఈసారి దింపుతాం" అన్నాను. పైకి ధీమాగా అన్నాను గానీ, లోపల గుబులుగానే ఉంది.

సిమెంటు రోడ్డు ఇసుక మొదలయ్యే చోట ఆగిపోతుంది. ముగ్గు అక్కడే వేయాలి. దర్జాగా గులాబీ రంగు పొట్లం విప్పానో లేదో, సముద్రపు గాలికి సగం నా మొహాన, సగం నాంచారమ్మ చీర మీద పడింది. అక్కడ చేరిన ఊరి ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. క్రిస్మస్‌కు నక్షత్రం ముగ్గులు వేయడంలో ఊళ్లో పేరున్న మరియమ్మ తన ఇంటికి పరిగెత్తి, అట్లకని రుబ్బిన పిండి గిన్నెతో సహా తెచ్చింది. ఆ తడిపిండితో రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుకు నేనూ మరియమ్మా కలిసి పెద్ద చేపను గీశాం. దాని కడుపు నిండా, వలల నుంచి గీకి తీసిన నల్ల ముద్దలు పేర్చాం. వాసనకు నాకు తల తిరిగింది. చివరగా నాంచారమ్మ, కొత్త పడవను నీళ్లలోకి దించేటప్పుడు పెట్టినట్టే, చేప తలకు పసుపు రాసి కుంకుమ పెట్టింది.

పదకొండు దాటాక బాపట్ల నుంచి జీపు వచ్చి ముగ్గు ముందు ఆగింది. మేం రోడ్డు పక్కన నిలబడ్డాం, ఎవరమూ అడ్డు వెళ్లలేదు.

"పోనీవయ్యా" అన్నారు ఆఫీసరు.

డ్రైవరు స్టీరింగ్ మీద నుంచి చేతులు తీసేశాడు. "పసుపు కుంకుమ పెట్టిన ముగ్గండి. నేను తొక్కించలేను సార్."

ఆఫీసరు విసుక్కుంటూ దిగారు. ముగ్గును తప్పించుకుని ఇసుకలో నాలుగడుగులు వేసేసరికి బూటు కింద నల్లగా సాగింది. విదిలించారు, ఇసుకకేసి రుద్దారు, ఇంకా అంటుకుంది.

"కాస్త కిరసనాయిలు ఉందా అమ్మా?"

కాళ్లు తుడుచుకోడానికి ఇప్పుడు అక్కడ ఇంటింటా ఓ సీసా ఉంటోంది. నాంచారమ్మ తెచ్చింది గానీ చేతికివ్వలేదు. "ఇస్తానండి. ముందు మీ సీసాలో పట్టండి, తర్వాత తుడుచుకుందురుగాని."

ఆయన మొహం ఎర్రబడింది. అరుస్తారేమోనని భయపడ్డాను. ఆయన బూటు వైపు చూసుకుని, తీరం పొడుగునా చూసి, "సీసాలు తీసుకురా" అని డ్రైవరుతో అన్నారు. ఇసుకలోంచి, నీళ్లలోంచి, ఆరేసిన వల నుంచి నమూనాలు పట్టి, అందరి ఎదుటా మూతలకు సీలు వేశారు. అప్పుడు గానీ నాంచారమ్మ కిరసనాయిలు సీసా ఇవ్వలేదు.

తిరుగు ప్రయాణం నిజాంపట్నం నుంచి బాపట్లకు బస్సులో చేశాను. అక్కడి నుంచి తెనాలికి రైళ్లకు కొదవ లేదు. పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. వచ్చినా కంపెనీ వెంటనే ఒప్పుకుంటుందన్న భ్రమ నాకు లేదు. అందుకే ప్రతి శనివారం ఆ రోడ్డు మీద చేప ముగ్గు పడుతూనే ఉంది, వీలైనప్పుడల్లా నేనూ వెళ్తున్నాను. నాంచారమ్మ మాత్రం జీడిపప్పు పని మాట మళ్లీ ఎత్తలేదు. ముగ్గు అందంగా ఎలా వేయాలో ఇన్నాళ్లూ పిల్లలకు నేర్పాను. ఎవరి దారిలో వేయాలో కూడా ఇప్పుడు చెబుతున్నాను.

మీరు వెళ్తే పాత చెప్పులు వేసుకోండి, చిన్న సీసాలో కొబ్బరినూనె పెట్టుకోండి. చమురు మరక దానితో వదులుతుంది. కానీ కాలికి అంటగానే తుడిచేసుకోకండి. ముందు ఎవరికైనా చూపించండి.