సరంగు గారు చూసిన నీలి చేప

నిన్న పొద్దున పాలకొల్లు సంతలో వాక్యం చెబుతున్నాను. అబద్ధికులకు దేవుని రాజ్యంలో చోటు లేదని గొంతు చించుకుంటున్నాను.

పడవ దిగి వచ్చిన మన సంఘస్థుడొకరు చెవి దగ్గర చెప్పారు.

సరంగు సమూయేలు గారు తెల్లవారుతూనే పోయారట.

చేతిలో గ్రంథం తెరిచే ఉంది. ఒక్క అక్షరం కనబడలేదు.

ఈ కాగితం మన ప్రార్థన పాక తలుపుకు అంటిస్తున్నాను. చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకు చదివి వినిపించండి. కాలవ మీద వెళ్లేవాళ్లు నకలు రాసుకుని పై ఊళ్లకు తీసుకెళ్లండి.

ఎందుకంటే, ఆయనను అబద్ధికుడు అన్నది నేను.

కొత్తగా వచ్చినవాళ్లకు తెలియదు. సరంగు గారు నరసాపురం రేవు నుంచి ఓడలెక్కి ముప్పై ఏళ్లు సముద్రాలు తిరిగినవారు. లాస్కరుగా, అంటే ఓడ పనివాడిగా చేరి, లాస్కర్లందరికీ పెద్దయి సరంగు అనిపించుకున్నారు. ముసలితనంలో బాప్తిస్మం తీసుకుని మనలో చేరారు.

ఆరేళ్ల కిందట ఒక ఆదివారం, చేప కడుపులో మూడు దినాలున్న ప్రవక్త గురించి చెప్పాను. "చేప నోట్లోకి పోయింది ప్రాణంతో తిరిగి రావడం లోకంలో ఆ ఒక్కసారే!" అన్నాను.

వెనక చాప మీంచి ఆయన లేచారు.

"అయ్యగారూ, చిన్న చేపలు రోజూ వెళ్లొస్తాయండి."

సింహళం దాటాక ఒక దీవి దగ్గర గాలి లేక ఓడ ఆగిపోయిందట. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున లంగరు కనబడేదట. అక్కడ పగడపు దిబ్బ. రాయే కొమ్మలు వేసి పెరిగినట్టు ఉంటుందట. ఆ కొమ్మల సందుల్లో వేలెడు చేప. నీలం ఒళ్లు, మూతి నుంచి తోక దాకా కాటుక గీత.

దాని దగ్గరికి మూరెడేసి చేపలు వచ్చి, కాలవ లాకు తలుపుల ముందు పడవల్లా వరసగా ఆగేవట. వంతు వచ్చినది నోరు తెరిచేదట. చిన్నది లోపలికి దూరి, పళ్ల సందుల్లో మురికీ పురుగూ ఏరుకు తిని, మొప్పల్లోంచి బయటికి వచ్చేసేదట.

"అది వచ్చేదాకా పెద్దది నోరు మూయదండి" అన్నారు, తన అరచెయ్యి తెరిచి చూపిస్తూ.

ఆడవాళ్ల వైపు నుంచి రాహేలమ్మ అందుకుంది. "సరంగు గారూ, మా ఆయన పళ్లు తోముకోరండి. ఆ చేపనొకదాన్ని పట్టుకురండి, పుణ్యం ఉంటుంది!"

పాకంతా ఒకటే నవ్వు.

నా ప్రసంగం నవ్వులపాలైంది. నాకు ఒళ్లు మండింది. దేవుని అద్భుతాన్ని ఎగతాళి చేశావన్నాను. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దాయనను "నువ్వు" అన్నాను. "అబద్ధమని ఒప్పుకో!"

"చూశానండి. చూడలేదంటే అప్పుడు అబద్ధమాడినట్టండి."

"ఒక్కడి మాట చెల్లదు. ధర్మశాస్త్రం ఇద్దరు సాక్షులను అడుగుతుంది. రెండోవాణ్ణి తీసుకురా. అందాకా ప్రభువు బల్ల రొట్టెలో నీకు పాలు లేదు."

ఆరేళ్లు.

ఆయన ఒక్క ఆదివారం మానలేదు. రొట్టె పళ్లెం తన దాకా వస్తే ఎడమ పక్క అందుకుని కుడి పక్క వాళ్లకు ఇచ్చేవారు. ముక్క తుంచేవారు కాదు.

నేనేమో ఊరూరా "అబద్ధాల సరంగు" కథ చెప్పి జనాన్ని నవ్వించాను.

ఇక మీకెవరికీ తెలియని సంగతి.

కిందటి నెల ఒక తమిళ సహోదరుడు మా ఇంట్లో దిగాడు. సముద్రంలో మునిగి శంఖాలు తీసే మనిషి. తెలుగు కొంచెం వచ్చు. చేపల పులుసుతో అన్నం తింటూ, పంటి సందున ఇరుక్కున్న ముల్లు తీసుకుంటూ నవ్వాడు.

"మా సముద్రంలో దీనికి డాక్టరు ఉన్నాడు అయ్యా. నీలం చేప, ఇంతే ఉంటుంది. నల్ల గీత. పెద్ద చేపలు లైను కట్టి నోరు తెరుస్తాయి."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"సరంగు గారి చేపేనండి ఇది" అంది నా భార్య.

"నువ్వు ఊరుకో" అన్నాను.

రెండో సాక్షిని దేవుడే నా కంచం ముందుకు పంపాడు. సరంగు గారి ఇల్లు కేకవేటు దూరం. పిలవలేదు. మర్నాడు ఆ మనిషి పడవెక్కి వెళ్లిపోయాడు.

ఆదివారం చెబుదాం అనుకున్నాను. ఆదివారం వచ్చింది. పళ్లెం ఆయన చేతుల మీదుగా దాటిపోవడం చూశాను. ఆశీర్వాదం చెప్పి ఇంటికి వచ్చేశాను. నాలుగు ఆదివారాలు అలాగే. ఊళ్లన్నీ ఏమనుకుంటాయి? ఇన్నేళ్లు నేను చెప్పిన వాక్యం ఏమైపోతుంది? వాక్యానికేమీ కాదు. నా పరువు గురించే ఆ బెంగంతా.

అంతటితో అయిపోలేదు. నిన్న సాయంత్రం సమాధుల తోట దగ్గర సంఘ పెద్ద యాకోబు గారు నన్ను అడిగారు. "తప్పు ఒప్పుకోకుండా పోయారు కదండీ. మనవాళ్ల పక్కన పెట్టొచ్చంటారా?"

పాడె కింద దింపి అందరూ నా ముఖం చూస్తున్నారు. సరంగు గారి భార్య మరియమ్మ గారు కూడా.

"పెట్టండి" అన్నాను. ఆ ఒక్క మాటే.

"అయ్యగారిది ఎంత పెద్ద మనసండీ!" అన్నారెవరో.

ఆ మెప్పు కూడా మోసుకుని ఇంటికి వచ్చాను.

పళ్లు శుభ్రం చేసేవాణ్ణి మింగకూడదని బుద్ధిలేని చేపకు తెలుసు. వాక్యం కంఠతా వచ్చిన నాకు తెలియలేదు.

సహోదరులారా, ఆయన చెప్పింది నిజం. ఇద్దరు సాక్షులూ సరిపోయారు. అబద్ధికుణ్ణి నేను.

ఈ ఆదివారం రొట్టె యాకోబు గారు విరుస్తారు. నేను వెనక చాప మీద కూర్చుంటాను. పళ్లెం నాకు అందించండి, పక్కవారికి ఇస్తాను. ఎన్నాళ్లన్నది మరియమ్మ గారు చెప్పాలి. ఇప్పుడు ఆవిడ గుమ్మంలోకే వెళుతున్నాను.

సరంగు గారూ, మిమ్మల్ని ఇకనుంచి మీరు అనే అంటాను. మేము బయట ఉంచిన మిమ్మల్ని ప్రభువు తన పక్కనే కూర్చోబెట్టుకోవాలి. నెమ్మదిగా ఉండండి.