మా భూగోళంలో శామీర్‌పేట చెరువు

పిల్లనిచ్చే ముందు ఎవరైనా అబ్బాయి జీతం అడుగుతారు, ఇల్లూ వాకిలీ అడుగుతారు. మా మామగారు మాత్రం నేను చేసే పనిని కళ్ళారా చూపించమన్నారు. అది చూపించబోయి నా పెళ్ళిని నేనే చెడగొట్టుకోబోయాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. కోస్తా నుంచి వచ్చి, అల్వాల్‌లో గది తీసుకుని, క్లైమేట్ మోడళ్ల మీద పరిశోధన చేస్తున్నాను. ఇప్పుడు మా ఆవిడైన అమ్మాయి అక్కడే ఒక స్కూల్లో టీచరు. వాళ్ళది శామీర్‌పేట, ద్రాక్షతోట ఉన్న ఇల్లు. మా ఇష్టం సంగతి ఇంట్లో చెప్పేసింది కూడా తనే.

వాళ్ళ నాన్న నన్ను పిలిచి ఏం పని చేస్తానని అడిగారు. భూమినంతా కంప్యూటర్‌లో పెట్టి, ముందు ముందు ఎండావానా ఎలా మారతాయో లెక్క కడతామని కాస్త గొప్పగానే చెప్పాను. అయితే అందులో తమ ఊరి చెరువు చూపించమన్నారాయన. మా లెక్కలో భూమిని గడులుగా కోస్తాం. ఒక్కో గడికి ఒకే ఎండ, ఒకే వాన, ఒకే ఎత్తు. అప్పటి మా మోడల్లో హైదరాబాదూ మేడ్చలూ కరీంనగరూ అన్నీ కలిపి ఒకటే గడి. అందులో చెరువెక్కడ కనిపిస్తుంది? ఆ మాటే చెప్పాను.

“మా చెరువే లేదంటున్నరు. గసుంటి లోకంల నా బిడ్డ ఏడుంటది సారూ?” అన్నారాయన.

బస్‌స్టాపు దాకా వచ్చిన అమ్మాయి, బాపు వద్దంటే తను రాలేనని తేల్చి చెప్పింది.

ఇక పట్టుదలకు పోయాను. హైదరాబాదు చుట్టుపక్కల మేరకే తీసుకుని గడులను బాగా చిన్నవి చేశాను. చెరువుకు ఒక గడి దక్కింది. ఆ నీలం ముక్కను చూసుకుని మురిసిపోయి, ఒక ఆదివారం తండ్రీకూతుళ్ళను ల్యాబ్‌కు పిలిచాను. లెక్క వాళ్ళ కళ్ళముందే నడవాలని నా సరదా.

చెరువు కనిపించగానే ఆయన స్టూలు ముందుకు జరుపుకుని కట్ట ఎటుందని అడిగారు. ఆ ముచ్చట ఎంతోసేపు లేదు. చెరువు గడి ఎర్రబడింది. పక్క గడులూ ఎర్రబడ్డాయి. నీళ్ళు మసిలే వేడిని మించిన అంకె ఒకటి తెరమీదికి వచ్చి, ఆ వెనకే లెక్క ఆగిపోయింది. చెరువు ఉడుకుతోందా అని ఆయన నెమ్మదిగా అడిగారు. అమ్మాయి వంక చూసే ధైర్యం నాకు లేదు.

కరెంటు మీదకు నెట్టేసి బయటపడొచ్చు. ఎందుకో ఆయన ముందు అబద్ధం నోటికి రాలేదు. తప్పు నాదేనన్నాను. మా లెక్కలో కాలం పారదు, గంతులేస్తుంది. రెండు గంతుల మధ్య ఏం జరిగిందో మోడల్‌కు తెలియదు. గడి పెద్దదైతే దాన్ని దాటడానికి గాలికి చాలాసేపు పడుతుంది, పెద్ద గంతు చెల్లిపోతుంది. గడి చిన్నదైతే ఒక్క గంతులోనే గాలి రెండు మూడు గడులు దాటేస్తుంది, లెక్క దాన్ని అందుకోలేక పిచ్చెక్కిపోతుంది. గడిని తగ్గిస్తే గంతునూ తగ్గించాలి. సంబరంలో నేనది మరిచిపోయాను. ఆయనకు పాల సంగతి పోల్చి చెప్పాను. గుండిగ నిండా పాలు పొయ్యిమీద పెట్టి పెరట్లోకి వెళ్ళి రావచ్చు, చిన్న గిన్నెలో పెడితే కళ్ళు తిప్పడానికి లేదు.

మరి ఇప్పుడేం చేస్తారని అడిగారు. గంతు కుదించి మళ్ళీ మొదటినుంచి నడుపుతాను, పని ఎన్నో రెట్లు పెరుగుతుంది, వేరే దారి లేదు అన్నాను. ఆయన తలూపి లేచారు.

శామీర్‌పేట మీదుగా వెళ్ళే కరీంనగర్ బస్సు కోసం ముగ్గురం రోడ్డు మీద నిలబడ్డాం. పెళ్ళి మాట ఆయన ఎత్తలేదు, అడిగే ముఖం నాకు లేదు. అమ్మాయి సోడాలు తెస్తానని అవతలికి వెళ్ళింది. అప్పుడు ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు.

“మా పిల్ల గూడ చిన్న గిన్నెనే, అల్లుడా. జల్దీ పొంగుతది. పొద్దుకొక్కసారి సూస్తనంటే నడువది, మాటిమాటికి అర్సుకోవాలె. నీతోని అయితదా?”

అవుతుందన్నాను. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. సోడాలు పట్టుకుని వస్తున్న అమ్మాయి, బాపు ఏమని ఏడిపించాడంటూ అప్పుడే ఆయన మీద కోప్పడడం మొదలుపెట్టింది.