నూనెలో కలిపిన పసుపు

బుచ్చిరాములు బతుకంతా లేతు మిషను మీదే గడిచింది. మల్లాపూర్‌లో ఆయన పనిచేసే కంపెనీ మూతపడ్డాక, ఒక మ్యూజియం వాళ్లు నాచారంలో తమ చిత్రాలు దాచుకునే షెడ్డులో పనికి పెట్టుకున్నారు. ఇనుము తప్ప ఇంకోటి తెలియని మనిషి. అయినా కాన్వాసు గుడ్డ మీద వేసిన ఆ పాత చిత్రాలను పసిపిల్లల్లా ఎత్తుకోవడం త్వరగానే నేర్చాడు.

నేర్పింది దీప. చిత్రాలను కాపాడే చదువు చదివిన పిల్ల, కాంట్రాక్టు ఉద్యోగం. గుడ్డను ఒట్టి చేత్తో తాకొద్దు, వెనకవైపు పెన్నుతో రాయొద్దు, జిగురుతో చీటీ అంటించొద్దు, నంబరు రాసిన అట్టముక్కను చెక్క చట్రానికి నూలు దారంతో కట్టాలి. ఆమె చెప్పిన ప్రతి మాటనూ ఆయన తు.చ. తప్పకుండా పాటించాడు. పసుపు వద్దని మాత్రం ఆమె చెప్పలేదు. చెప్పాలని ఎవరికి మాత్రం తడుతుంది?

మొన్న దసరాకు, ఏటా మిషన్లకు బొట్టు పెట్టిన చెయ్యి ఊరుకోలేదు. అన్నం పెట్టేవాటికి ఆ రోజు పసుపు తగలకపోతే ఎట్లా? పొడి రాలితే చుట్టిన తెల్లబట్ట పాడవుతుందని నువ్వుల నూనెలో కలిపి మరీ, చిత్రం వెనక, అట్టముక్క చాటున వేలితో అద్దాడు. ఎంత జాగ్రత్త! ఆ జాగ్రత్తే కొంప ముంచింది.

వేసవి ఎండలకు రేకుల షెడ్డు కాగి, నూనె గుడ్డలోంచి ముందుకు దిగింది. ప్రదర్శనకని విప్పితే, చిత్రంలోని ముసలమ్మ తెల్లచీర మీద పచ్చటి మరక.

మ్యూజియం ఇన్‌ఛార్జి విశ్వనాథం చిత్రాన్ని వెనక్కి తిప్పి, పచ్చబడ్డ అట్టముక్కను చూశాడు. "అట్ట రంగు దిగింది. ఇలాంటి చవకరకం లేబుళ్లా కట్టేది? రేపటినుంచి నువ్వు రానక్కర్లేదు దీపా," అని విసురుగా వెళ్లిపోయాడు.

దీప ఏడవలేదు. చేతి తొడుగులు మడతపెట్టి సంచిలో వేసుకుంటోంది. బుచ్చిరాములుకు భయమేసింది. నిజం చెబితే ఈ వయసులో తనకింకెవరు పనిస్తారు? కానీ ఏ తప్పూ చేయని పిల్ల అలా సంచి సర్దుకుంటుంటే చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు.

"బిడ్డా, నీ అట్టతోని గాలేదది. నేనే జేసిన. దసరాకు పసుపు వెట్టిన."

"పసుపేంది కాకా?"

"నూనెల కలిపి వెనక వెట్టిన. సారుకు నేనే జెప్త. నువ్వు పోకు."

తిడుతుందనుకున్నాడు. తిట్టినా పడేవాడే. దీప తిట్టలేదు. తన ఉద్యోగం మాటే మరిచిపోయి, షెడ్డు పొడుగునా తెల్లబట్ట చుట్టి నిలబెట్టిన చిత్రాలవైపు చూసింది.

"కాకా, గీ ఒక్కదానికేనా?"

అప్పటిదాకా ఆయనకు ఆ ఆలోచనే రాలేదు. అక్కడే కూలబడ్డాడు.

"అన్నిటికి వెట్టిన బిడ్డా. ఒక్కదాన్నన్న ఇడ్సిపెట్టనీకి మనసొప్పలె."