ఆఖరి డబ్బా

నంద్యాలలో మద్దిలేటి కటింగ్ షాపుకు గడ్డం గీయించుకోవడానికి వెళ్లినవాళ్లు ఒక హత్య చూడకుండా తిరిగి రారు. అద్దం కింద నాలుగు రీలు డబ్బాలు ఉంటాయి. గురువును చంపినవాడి మీద శిష్యుడి పగ, యాభై ఏళ్ల నాటి కుంగ్‌ఫూ సినిమా. రంగు వెలిసి ఆకాశం, అడవి, నెత్తురు అన్నీ దానిమ్మ గింజల్లా అయిపోయాయి. ఆ రంగు కోసమే పాత సినిమాలు సేకరించేవాళ్లు హైదరాబాదు నుంచి వచ్చి అడుగుతారు. మద్దిలేటి ఇవ్వడు. ఆఖరిదైన ఐదో డబ్బా మాత్రం అతని దగ్గర లేదు, అందులో ఏముందో అతను చూడనూ లేదు. అందుకే ముప్పై ఏళ్లుగా గడ్డం గీస్తూ ఆ కథ చెప్పి, ముగింపు తానే అల్లుతున్నాడు. చేతిలోని కత్తి గాలిలో సున్నా చుట్టి విలన్ మెడ మీద వాలుతుంది. నురగ పూసుకున్న మనిషి ఊపిరి బిగబడతాడు.

పోయిన ఆదివారం ఆ డబ్బా ఆళ్లగడ్డలో, ఒకప్పటి సినిమా హాలు ఆపరేటర్ ఏసురత్నం ఇంట్లో బయటపడింది. గోడకు దుప్పటి కట్టి, అతని పాత ప్రొజెక్టర్ మీద ఇద్దరూ చూశారు. శిష్యుడు కత్తి ఎత్తాడు, ముసలి శత్రువును చూశాడు, కత్తి దించి నీళ్లు తాపాడు. అంతే, సినిమా అయిపోయింది.

"ఏందప్పా ఇది, నీళ్లు తాపుతాండాడు?" అన్నాడు మద్దిలేటి.

"ఆ ముసలోనికి కండ్లు పోయినాయి గదన్నా. ఇంగ యాడ చంపేది?" అన్నాడు ఏసురత్నం.

"ముప్పై ఏండ్ల నుంచి చంపుతాండా నేను. రేపు షాపుకొచ్చినోళ్లకు ఏం జెప్పల్ల?"

మరునాడు బండి ఆత్మకూరు నుంచి వచ్చిన సుంకన్న నురగలోంచే అడిగాడు. "అన్నా, వాడెట్ల సచ్చినాడో ఇంగోసారి చెప్పు."

మద్దిలేటి కత్తి ఎత్తి చాలాసేపు గాలిలోనే నిలిపాడు. తర్వాత విలన్‌కు కడుపునిండా నీళ్లు తాపి, అప్పుడు చంపాడు.