వట్టిసాలు

బాగలూరు దారిలో కొత్తగా తారు వేస్తున్నారు. ఈ పొద్దున స్కూటరు మీద పనికి వెళుతుంటే, ఎర్రజెండా పట్టుకున్న ఒకామె నన్ను ఆపింది. కాగుతున్న తారు వాసన ముక్కుకు తగలగానే రాజప్పన్న గుర్తుకొచ్చాడు. పోయిన మనుషుల్ని కొందరికి మల్లెపూలు గుర్తుచేస్తాయి, కొందరికి కాఫీ వాసన. నా రాతకు తారు దక్కింది. ఆయన చనిపోయి ఏడాది కావస్తోంది.

రాజప్పన్న మా బైకు రేసింగ్ టీముకు పెద్ద మెకానిక్కు. టీమంటే పెద్ద హంగేమీ కాదు. హోసూరు పొలిమేరలో ఒక రేకుల షెడ్డు, నాలుగు బైకులు, ఏడుగురు మనుషులం. డిప్లొమా చేతపట్టుకుని రాయకోట నుంచి రోజూ రైల్లో వచ్చే నేను అందులో కంప్యూటరు మనిషిని. ఏ బైకు ట్రాక్‌ను ఒక చుట్టు తిరగడానికి ఎన్ని సెకండ్లు తీసుకుందో రాసిపెట్టడం నా పని. చేరిన మొదటి రోజే నా చురుకుదనం చూపిద్దామని, మూలన దుమ్ము పట్టి ఉన్న బైకును తుడవబోయాను.

"ముట్టుకోవద్దమ్మా! అది వట్టిసాలు!" అని షెడ్డు ఆ కొస నుంచి ఆయన కేక వేశాడు.

గుడ్డ కింద పడేసి నిలబడ్డాను. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, అరిచినందుకు నొచ్చుకున్నట్టుగా మెల్లగా చెప్పాడు. బాగలూరు దగ్గర వాళ్ళకు చామంతి తోట ఉండేది. కొత్త ఎరువు ఏది వేసినా వాళ్ళమ్మ ఒక్క సాలుకు, ఒక వరుస మొక్కలకు, మాత్రం వేయకుండా వట్టిగా వదిలేసేదట. "వాన బాగ పడిన యేడు అన్ని సాళ్ళూ పూస్తాయమ్మా. పూసింది వానకా, ఎరువుకా? వట్టిసాలును అడిగితే అది చెప్తుంది" అన్నాడు. ఆ లెక్కనే ఆయన ప్రతి సీజన్ చివర ఒక రేసు బైకును బోల్టు కూడా మార్చకుండా పక్కన పెట్టేవాడు. మరుసటి సీజన్ చివర అదే బైకును అదే రైడరుతో అదే ట్రాక్ మీద తిప్పించి, ఎంత సమయం పట్టిందో నన్ను రాయమనేవాడు. ఇంజన్లకు చామంతి వైద్యమేమిటని నేను చాటుగా నవ్వుకున్నాను. చదువుకున్న పొగరు అప్పుడు నాకు బాగానే ఉండేది.

ఆ సీజన్‌కు రాజప్పన్న మూడు నెలలు కష్టపడి సొంత ఆలోచనతో ఒక ఇంజను సిద్ధం చేశాడు. పోటీలు ముగిశాక మా ఓనరు నన్ను పిలిచి, పోయిన సీజన్‌తో పోలిస్తే ఏ టీము ఎంత మెరుగుపడిందో ఒక పట్టిక తయారుచేయమన్నాడు. బెంగుళూరు నుంచి ఒక ఇంజనీరును తెచ్చి పెద్ద మెకానిక్కుగా పెట్టాలా, రాజప్పన్ననే ఉంచాలా అన్నది ఆ పట్టిక చూసి తేలుస్తానని కూడా చెప్పాడు. రెండు రోజులు కూర్చుని తయారుచేశాను. పోటీపడిన ఆరు టీములూ పోయిన సీజన్ కంటే సమయం తగ్గించాయి. మేము చుట్టుకు రెండు సెకండ్లు తగ్గించాం. ఆయన ఉద్యోగం నిలబడిందన్న సంతోషంతో కాగితం పట్టుకుని షెడ్డులోకి పరుగెత్తాను.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చివరిదాకా చూశాడు. "అందరూ ఒక్కేడులోనే బుద్ధిమంతులైపోయినారా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు.

"మన కోడి కూసినందుకే తెల్లారిందనుకుంటే ఎట్లమ్మా? ట్రాక్‌కు ఈయేడు కొత్త తారు వేసినారు. చక్రానికి పట్టు బాగ దొరుకుతుంది. వట్టిసాలు ఎంత తగ్గించింది?"

అది పోటీలో లేని బైకు కదా అని నేను పట్టికలో చేర్చలేదు. పుస్తకం తీసి చూశాను. పాత బైకు, ఎవరూ చేయి వేయని బైకు, మూడు సెకండ్లు తగ్గించింది. పుస్తకం ఆయన ముందు పెట్టాను. ఆయన చెవి మీది పెన్సిలు తీసి, నా పట్టిక కింద ఒక వరుస చేర్చాడు.

"మూడు తారు ఇచ్చింది. మనకొచ్చింది రెండే. అంటే నా కొత్త ఇంజను ఒక సెకండు వెనక్కి పోయింది."

"అన్నా, ఈ ఒక్క వరుస తీసేద్దాం. వేరే టీముల్లో ఎవరికీ వట్టిసాలే లేదు. ఎవరు అడుగుతారు?" అని బతిమాలాను.

ఆయన కోప్పడలేదు. "అది బాగుండే మాట చెప్పిన యేడు నమ్మి, బాగలేని మాట చెప్పిన యేడు దాచిపెడితే, అది ఇంగ వట్టిసాలు యాడైతుందమ్మా?" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మరునాడు తానే ఓనరుకు చూపించి వచ్చి, కాగితం నాకు తిరిగిచ్చాడు.

ఇంజనీరు వచ్చాడు. రాజప్పన్నను టైర్ల పనికి మార్చారు. నా పట్టికే ఆయన కుర్చీ లాగేసిందని షెడ్డు వెనక కూర్చుని ఏడ్చాను. ఆయన వెతుక్కుంటూ వచ్చాడు. "టైర్లు గూడా బండివేగదా, ఏడ్చేదెందుకు? లేమ్మా, టీ చల్లారిపోతాంది" అన్నాడు. ఆ ఏడు మూలన పెట్టిన వట్టిసాలు ఆయన ఇంజను ఉన్న బైకే. ఎవరికీ చెప్పకుండా తానే తోసుకెళ్ళి నిలబెట్టాడు.

మరుసటి సీజన్ చివర ఆ బైకు ముందటేడు తీసుకున్నంత సమయమే తీసుకుంది. ఇంజనీరు సిద్ధం చేసిన బైకు మాత్రం ఒకటిన్నర సెకండు తగ్గించింది. అందరికంటే ముందు లేచింది రాజప్పన్నే. సుద్దముక్క తీసుకుని షెడ్డు గోడ మీద ఆ అంకె పెద్దగా రాశాడు. "ఇది తారు ఇచ్చింది కాదప్పా, నువ్వు తెచ్చింది!" అని ఆ ఇంజనీరు వీపు తట్టాడు. తన ఇంజను ఓడిపోయినందుకు అంత సంతోషించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆ ఇంజనీరు, "అన్నా, వచ్చే ఏడుకు ఏ బండిని వట్టిసాలు పెడదాం?" అని అడిగాడు.

బాగలూరు దారిలో ఆమె ఎర్రజెండా దించింది. స్కూటరు నల్లటి కొత్త దారి మీద మెత్తగా, వేగంగా పోయింది. ఇప్పుడు నేను బాగలూరులో ఒక ఫ్యాక్టరీలో పరీక్షల విభాగానికి పెద్దను. ఎంత ఎదిగావని అందరూ అంటుంటారు. ఆ మాట విన్న రోజు సొరుగులోంచి ఆ పట్టిక తీసి చూసుకుంటాను. నేను అచ్చు వేసిన ఆరు వరుసలు, కింద ఆయన పెన్సిలుతో రాసిన ఏడోది. మాసిపోతోంది, మళ్ళీ శుభ్రంగా టైపు చేసుకోమని మా అమ్మాయి అంటుంది. ఒక వరుస దాచేద్దామని బతిమాలిన పిల్ల ఆ కాగితంలో ఉంది. ఆ పిల్లకూ నాకూ మధ్య తేడా ఎంతో నాకు తెలియాలి. అందుకే దాన్ని ముట్టుకోను.